కడలి పొలిమేర

ఉద్దేశం

సముద్రజలాల విషయంలో దేశాల మధ్య వివాదాలు ఎందుకు తలెత్తుతాయో, అవి యుద్ధానికి దారితీయకుండా చట్టబద్ధంగా ఎలా పరిష్కారమవుతాయో బంగాళాఖాతపు సరిహద్దు వివాదం ఆధారంగా తెలియజేయడం, తీర్పును గౌరవించడంలోని ఔన్నత్యాన్ని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పొలంగట్టు తగవులు మన పల్లెలకు కొత్త కావు. గట్టు జానెడు జరిగితే చాలు, ఒక్క కంచంలో తిన్న అన్నదమ్ములు కూడా పలకరించుకోవడం మానేస్తారు. చివరకు నలుగురు పెద్దమనుషులు కూర్చుని, గొలుసు పట్టించి కొలిపించి, హద్దురాయి పాతించిన తరువాతగాని ఆ తగవు చల్లారదు. నేలకు హద్దురాయి ఉంది. మరి నీటికి? నిమిషానికొక రూపం ధరించే అలల మీద రాయి పాతగలవారెవరు? ఒక దేశపు సముద్రం ఎక్కడ ముగిసి, మరొక దేశపు సముద్రం ఎక్కడ మొదలవుతుందో చెప్పగలవారెవరు? ఈ ప్రశ్నలకు మానవజాతి కొన్ని శతాబ్దాలపాటు సమాధానం వెదికింది. ఆ అన్వేషణ ఫలితమే అంతర్జాతీయ సముద్రన్యాయం.

పూర్వకాలంలో సముద్రం ఎవరి సొత్తూ కాదన్న భావన బలంగా ఉండేది. 1609లో హాలెండు దేశపు న్యాయవేత్త హ్యూగో గ్రోషియస్ సముద్రం సర్వజనులదీ అని వాదిస్తూ గ్రంథం రచించాడు. అయితే తీరాన్ని ఆనుకొని ఉన్న కొద్దిపాటి నీటిపై ఆ దేశానికి అధికారం ఉండాలన్న వాదం కూడా క్రమంగా స్థిరపడింది. ఒడ్డున నిలిపిన ఫిరంగి గుండు ఎంతదూరం పోతుందో అంతవరకు ఆ దేశానిదే అధికారమని కొందరు లెక్కకట్టారు. సుమారు మూడు నాటికల్ మైళ్ళ హద్దు ఆ విధంగా ప్రచారంలోకి వచ్చింది.

ఇరవయ్యవ శతాబ్దం నాటికి పరిస్థితి మారిపోయింది. సముద్రం కేవలం ఓడలు పోయే దారి కాదనీ, దాని అడుగున చమురు, సహజవాయువు, విలువైన ఖనిజాలు ఉన్నాయనీ తెలిసింది. 1945లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ తమ తీరాన్ని ఆనుకొని నీటి అడుగున వ్యాపించిన భూభాగంలోని సంపదపై అధికారం తమదేనని ప్రకటించాడు. ఇతర దేశాలూ అదే బాట పట్టాయి. ఎవరికి తోచినంత దూరం వారు తమదనడం మొదలుపెట్టారు. బలవంతుడిదే సముద్రమయ్యే ప్రమాదం ఏర్పడింది. 1967లో మాల్టా దేశపు ప్రతినిధి అర్విద్ పార్డో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో మాట్లాడుతూ, దేశాల అధికార పరిధికి ఆవల ఉన్న సముద్రగర్భం మానవాళి అందరి ఉమ్మడి వారసత్వంగా ఉండాలని కోరాడు. ఆ చర్చ 1973లో మొదలైన మహాసమావేశానికి దారితీసింది. తొమ్మిది సంవత్సరాల సుదీర్ఘ చర్చల అనంతరం 1982 డిసెంబరు 10న జమైకాలోని మాంటెగో బే నగరంలో ఐక్యరాజ్యసమితి సముద్రన్యాయ ఒడంబడికపై సంతకాలు జరిగాయి. 320 అధికరణాలు గల ఈ ఒడంబడిక 1994 నవంబరు 16న అమలులోకి వచ్చింది. భారతదేశం 1995లో దీనిని ధ్రువీకరించింది. నేడు నూటఅరవైకి పైగా దేశాలు ఇందులో సభ్యులు.

ఈ ఒడంబడిక సముద్రాన్ని కొన్ని మండలాలుగా విభజించింది. తీరం నుండి 12 నాటికల్ మైళ్ళ వరకు, అంటే సుమారు 22 కిలోమీటర్ల వరకు ఉన్నవి ప్రాదేశిక జలాలు. అక్కడ తీరదేశానిదే సార్వభౌమాధికారం. అయితే శాంతియుతంగా సాగిపోయే పరదేశపు ఓడలకు దారి ఇవ్వాలి. తీరం నుండి 200 నాటికల్ మైళ్ళ వరకు, అంటే సుమారు 370 కిలోమీటర్ల వరకు ఉన్నది ప్రత్యేక ఆర్థిక మండలం. ఇందులోని చేపలపైన, ఖనిజాలపైన హక్కు తీరదేశానిది. ఓడల రాకపోకలు మాత్రం అందరికీ స్వేచ్ఛ. నీటి అడుగున భూమి సహజంగా ఇంకా ముందుకు సాగినచోట, ఆ ఖండతీరపు అంచుపై 200 నాటికల్ మైళ్ళకు ఆవల కూడా కొన్ని నిబంధనలకు లోబడి హక్కు లభిస్తుంది.

చెప్పుకోవడానికి ఇది తేలికగానే ఉంది. కాని రెండు దేశాలు పక్కపక్కన ఉన్నప్పుడు ఒకరి 200 మైళ్ళు మరొకరి 200 మైళ్ళపై పడతాయి. తగవు పుట్టేది అక్కడే. ఆ తగవును తీర్చే మార్గాలను ఒడంబడికలోని 15వ భాగం వివరిస్తుంది. వివాదాలను శాంతియుతంగానే పరిష్కరించుకోవాలన్నది అందులోని మొదటి నియమం. ముందుగా ఇరుపక్షాలు ముఖాముఖి మాట్లాడుకోవాలి. భారతదేశం శ్రీలంకతో 1974, 1976 సంవత్సరాలలోను, ఇండొనీషియాతో 1974లోను, థాయిలాండుతో 1978లోను ఈ విధంగానే సముద్ర సరిహద్దు ఒప్పందాలు కుదుర్చుకొంది. మాటలతో పని జరగనప్పుడు రాజీసంఘాన్ని ఆశ్రయించవచ్చు. తూర్పు తిమోర్, ఆస్ట్రేలియా దేశాలు రాజీసంఘం తోడ్పాటుతో 2018లో తమ సరిహద్దు ఒప్పందంపై సంతకాలు చేశాయి.

రాజీ కూడా కుదరనప్పుడు న్యాయనిర్ణయం కోరవచ్చు. అందుకు నాలుగు వేదికలు ఉన్నాయి. మొదటిది జర్మనీలోని హాంబర్గు నగరంలో 1996లో ఏర్పడిన అంతర్జాతీయ సముద్రన్యాయ ట్రిబ్యునల్. ఇందులో 21 మంది న్యాయమూర్తులు ఉంటారు. రెండవది నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానం. మూడవది ఉభయపక్షాల ప్రమేయంతో ఏర్పడే మధ్యవర్తిత్వ ధర్మాసనం. నాలుగవది చేపలవేట, పర్యావరణం వంటి ప్రత్యేక విషయాలకు నిపుణులతో ఏర్పడే ధర్మాసనం. ఏ వేదిక కావాలో దేశాలు ముందుగా ఎన్నుకోకపోయినా, వారి ఎంపికలు వేరువేరుగా ఉన్నా వివాదం మూడవదైన మధ్యవర్తిత్వ ధర్మాసనానికి చేరుతుంది. కొన్ని అంశాలకు మినహాయింపు కోరే అవకాశం దేశాలకు ఉన్నప్పటికీ, తీర్పరి ముందుకు రాకుండా తప్పించుకోవడం మునుపటంత సులభం కాదు. ఈ ఒడంబడిక గొప్పతనం అందులోనే ఉంది.

హాంబర్గు ట్రిబ్యునల్ తొలి తీర్పు సరిహద్దుకు సంబంధించినది కాదు. 1997లో గినీ దేశం సైగా అనే చమురు ఓడను పట్టుకొని, ఓడతోపాటు సిబ్బందిని నిర్బంధించింది. ఆ ఓడ కరిబియన్ సముద్రంలోని సెయింట్ విన్సెంట్, గ్రెనడీన్స్ అనే చిన్న దేశపు పతాకం కింద నడుస్తోంది. ఆ దేశం నవంబరులో ఫిర్యాదు చేయగా డిసెంబరు 4వ తేదీకే తీర్పు వెలువడింది. తగిన పూచీకత్తు తీసుకొని ఓడను, సిబ్బందిని వెంటనే విడుదల చేయాలని ట్రిబ్యునల్ ఆదేశించింది. చిన్న దేశం పిలుపునకు కూడా న్యాయస్థానం తలుపు తెరుచుకొంటుందని ఈ వ్యాజ్యం నిరూపించింది.

ఇక మన తూర్పు తీరాన్ని తాకే బంగాళాఖాతం విషయానికి వద్దాం. గంగ, బ్రహ్మపుత్ర, మేఘన నదులు హిమాలయాల నుండి తెచ్చిన మట్టిని ఈ అఖాతపు ఉత్తరకొసన యుగయుగాలుగా మేటవేస్తున్నాయి. అక్కడి తీరం నేడున్నట్లు రేపు ఉండదు. ఒకచోట నేల కోతకు గురవుతుంది. మరొకచోట కొత్త దిబ్బ తేలుతుంది. ఈ అస్థిరమైన తీరంలో బంగ్లాదేశ్‌కు పడమట భారతదేశం, తూర్పున మయన్మార్ ఉన్నాయి. తీరం లోపలికి వంగి కొడవలి వంపులా ఉంటుంది. ఆ వంపు నడుమ బంగ్లాదేశ్ ఉంది.

భారతదేశం, మయన్మార్ సమదూర సూత్రాన్ని కోరాయి. ఇరుదేశాల తీరాలకు సమానమైన దూరంలో గీత గీయాలన్నది దాని సారాంశం. పైకి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కాని కొడవలి వంపు నడుమ ఉన్న దేశానికి రెండువైపులా ఇటువంటి గీతలే గీస్తే, బండి నొగలు ముందుకు పోయినకొద్దీ దగ్గరైనట్లు ఆ రెండు గీతలూ దగ్గరవుతాయి. నడిమి దేశపు సముద్రం కొసకు పోయేసరికి సన్నబడిపోతుంది. దానికి విశాల సముద్రపు దారి మూసుకుపోతుంది. సమానంగా కొలిచినంత మాత్రాన సమన్యాయం జరగదని బంగ్లాదేశ్ వాదించింది. ఉత్తర సముద్రపు వివాదంలో జర్మనీకి ఇదే ఇబ్బంది ఎదురైనప్పుడు అంతర్జాతీయ న్యాయస్థానం 1969లో ఆ దేశపు గోడును ఆలకించిన విషయం ఇక్కడ గమనించదగినది.

భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య మరొక చిక్కు కూడా ఉంది. 1970లో వచ్చిన పెను తుపాను తరువాత హరియభంగా నది సముద్రంలో కలిసేచోట ఒక చిన్న దిబ్బ కనిపించింది. భారతదేశం దానిని న్యూమూర్ అనీ పూర్బాశ అనీ వ్యవహరించగా, బంగ్లాదేశ్ దక్షిణ తల్పట్టి అని పిలిచింది. జనసంచారం లేని ఆ ఇసుకదిబ్బ ఎవరిదన్న ప్రశ్న ఇరుదేశాల మధ్య మూడు దశాబ్దాలకు పైగా నలిగింది. దిబ్బ ఎవరిదైతే చుట్టూ ఉన్న సముద్రం వారిదవుతుందన్న ఆశ అందుకు కారణం. 2010లో కోల్‌కతాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఉపగ్రహ చిత్రాలను పరిశీలించి, ఆ దిబ్బ నీట మునిగిపోయిందని ప్రకటించారు. మనుషులు తేల్చలేని తగవును సముద్రమే మింగివేసిందని లోకం విస్తుపోయింది. కాని దిబ్బ మునిగినా వివాదం మునగలేదు.

1974 నుండి చర్చలు జరుగుతూ వచ్చినా ఫలితం కనిపించలేదు. 2008 నవంబరులో మయన్మార్ అనుమతితో జరుగుతున్న చమురు అన్వేషణను అడ్డుకొనడానికి బంగ్లాదేశ్ తన యుద్ధనౌకలను పంపింది. ఇరుపక్షాల నౌకలు ఎదురెదురుగా నిలిచాయి. అదృష్టవశాత్తు ఫిరంగులు పేలలేదు. మరుసటి ఏడాది, 2009 అక్టోబరు 8న, బంగ్లాదేశ్ తన పొరుగుదేశాలు రెండింటిపైనా ఒడంబడిక ప్రకారం న్యాయమార్గాన్ని చేపట్టింది. మయన్మార్‌తో గల వివాదం ఉభయుల అంగీకారంతో హాంబర్గు ట్రిబ్యునల్‌కు చేరింది. భారతదేశంతో గల వివాదం హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానం కార్యాలయ సహాయంతో అయిదుగురు సభ్యుల ధర్మాసనం ముందుకు వచ్చింది.

2012 మార్చి 14న మొదటి తీర్పు వెలువడింది. సముద్ర సరిహద్దును నిర్ణయిస్తూ హాంబర్గు ట్రిబ్యునల్ ఇచ్చిన మొట్టమొదటి తీర్పు ఇదే. ట్రిబ్యునల్ సమదూర రేఖతో ప్రారంభించి, తీరపు వంపు వల్ల బంగ్లాదేశ్‌కు కలిగే నష్టాన్ని గుర్తించి, ఆ రేఖను సవరించింది. తమ వాదనే పూర్తిగా నెగ్గిందని చెప్పుకొనే అవకాశం ఏ పక్షానికీ లేదు.

భారత్, బంగ్లాదేశ్ వివాదంలో ధర్మాసనానికి ర్యూడిగర్ వోల్ఫ్‌రమ్ అధ్యక్షత వహించారు. సభ్యులు 2013 అక్టోబరులో స్వయంగా తీరప్రాంతానికి వచ్చి స్థలపరిశీలన చేశారు. ఆ డిసెంబరులో హేగ్‌లో వాదనలు విన్నారు. 2014 జూలై 7న తీర్పు ప్రకటించారు. ఈ నిర్ణయం మూడు మెట్లుగా సాగింది. మొదట సమదూర రేఖను తాత్కాలికంగా గీశారు. తరువాత దానిని సవరించవలసిన ప్రత్యేక పరిస్థితులు ఉన్నాయా అని పరిశీలించారు. చివరగా ఇరుదేశాలకు లభించిన సముద్రం వారి తీరాల పొడవుతో పోల్చినప్పుడు మరీ పొంతన లేకుండా ఉందేమో సరిచూశారు. న్యూమూర్ దిబ్బను కొలతకు ఆధారంగా తీసుకొనడానికి ధర్మాసనం అంగీకరించలేదు. నీటి అలికిడికి చెదిరిపోయే నేలను నమ్ముకొని శాశ్వతమైన హద్దును నిర్ణయించడం తగదు కదా!

ధర్మాసనం పరిగణించిన మొత్తం సముద్రప్రాంతం 4,06,833 చదరపు కిలోమీటర్లు. అందులో సుమారు 3,00,220 భారతదేశం వైపు, 1,06,613 బంగ్లాదేశ్ వైపు వచ్చాయి. అయితే అసలు తగవు ఉన్నది అంతటిపైనా కాదు. బంగ్లాదేశ్ ప్రభుత్వం ప్రకటించిన లెక్క ప్రకారం వివాదాస్పదమైన ప్రాంతం 25,602 చదరపు కిలోమీటర్లు. అందులో 19,467 ఆ దేశానికి దక్కింది. మిగిలినది భారతదేశానికి వచ్చింది. ఇన్నేళ్ళు కలహకారణమైన న్యూమూర్ దిబ్బ ఉన్న చోటు మాత్రం భారతదేశం వైపే నిలిచింది.

ఈ తీర్పు ఏకగ్రీవం కాదు. భారతదేశం తరఫున నియమితులైన సభ్యులు డాక్టర్ పెమ్మరాజు శ్రీనివాసరావు కొన్ని ముఖ్యాంశాలతో విభేదించి, తమ అభిప్రాయాన్ని విడిగా నమోదు చేశారు. తెలుగువారైన శ్రీనివాసరావు మన విదేశాంగ మంత్రిత్వ శాఖకు న్యాయ సలహాదారుగా పనిచేసినవారు. హాంబర్గు ట్రిబ్యునల్ తొలి న్యాయమూర్తులలో ఒకరై, 1999 నుండి 2002 వరకు దాని అధ్యక్షులుగా ఉన్న డాక్టర్ పాటిబండ్ల చంద్రశేఖరరావు కూడా తెలుగువారే. 2012 నాటి తీర్పు ఇచ్చిన న్యాయమూర్తులలో ఆయన ఒకరు. సముద్రన్యాయ చరిత్రలో తెలుగువారి మేధకు ఇటువంటి స్థానం లభించడం మనకు గర్వకారణం.

సైన్యంలోను, సంపదలోను, వైశాల్యంలోను బంగ్లాదేశ్ కంటే భారతదేశం ఎన్నో రెట్లు పెద్దది. తీర్పును తోసిపుచ్చి ఉంటే దానిని బలవంతంగా అమలుపరచే సైన్యం ఏ ధర్మాసనానికీ లేదు. అయినప్పటికీ భారతదేశం ఆ తీర్పును గౌరవిస్తున్నట్లు ప్రకటించింది. చిరకాలంగా ఉన్న వివాదం తీరిపోవడం ఇరుదేశాల మధ్య పరస్పరావగాహనను, సద్భావాన్ని పెంచుతుందని పేర్కొన్నది. బంగ్లాదేశ్ కూడా విజయగర్వం ప్రదర్శించక ఇది ఉభయతారకమైన పరిష్కారమని పలికింది. తమకు అనుకూలమైన తీర్పును పొగడడంలో గొప్పతనం ఏమీ లేదు. కోరినదంతా దక్కనప్పుడు కూడా తీర్పుకు తలవంచడమే న్యాయంపై గౌరవానికి గీటురాయి.

ఈ మాటలోని సత్యం మరొక ఉదాహరణతో స్పష్టమవుతుంది. దక్షిణ చైనా సముద్రంపై తమ హక్కుల విషయంలో ఫిలిప్పీన్స్ దేశం 2013లో చైనాపై ఇదే విధమైన ధర్మాసనాన్ని ఆశ్రయించింది. చైనా విచారణలో పాల్గొనలేదు. 2016 జూలై 12న వెలువడిన తీర్పు చాలావరకు ఫిలిప్పీన్స్‌కు అనుకూలంగా ఉన్నప్పటికీ, చైనా దానిని అంగీకరించలేదు. ఆ తరువాతి సంవత్సరాలలోనూ అక్కడి జలాలలో ఘర్షణలు జరుగుతూనే వచ్చాయి. చట్టం రెండుచోట్లా ఒక్కటే. ఫలితం మాత్రం వేరు. చట్టం దీపం వంటిది. అది దారి చూపగలదుగాని మనకు బదులు నడవలేదు.

ఈ వివాదాలు రాజధానులలో జరిగే చర్చలు మాత్రమేనని, సామాన్యులకు సంబంధం లేనివని భావించరాదు. సముద్రంపై గీత ఎక్కడ ఉన్నదో తెలియక నష్టపోయేది ముందుగా జాలరి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల మత్స్యకారులు బ్రతుకుతెరువు కోసం గుజరాత్ తీరానికి వలస వెళుతుంటారు. వారిలో కొందరు తమ జలాలలో ప్రవేశించారన్న ఆరోపణపై 2018 నవంబరులో పాకిస్తాన్ అధికారులు వారిని నిర్బంధించారు. 2020 జనవరి 6న ఇరవైమంది వాఘా సరిహద్దు మీదుగా స్వదేశానికి తిరిగివచ్చారు. ఆ పదునాలుగు నెలలూ వారి ఇళ్ళలో పొయ్యి ఎలా వెలిగిందో ఊహించవచ్చు. చేపలవేట నిబంధనలు అతిక్రమించినవారికి, దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, ప్రత్యేక ఆర్థిక మండలంలో జైలుశిక్ష విధించరాదని సముద్రన్యాయ ఒడంబడికలోని 73వ అధికరణం చెబుతోంది. కాని సర్ క్రీక్ ప్రాంతం నుండి సాగవలసిన భారత్, పాకిస్తాన్ సముద్ర సరిహద్దు ఇంకా నిర్ణయం కాలేదు. హద్దు తేలనిచోట అనుమానం కాపురముంటుంది. అనుమానం ఉన్నచోట చేపల పడవ కూడా శత్రునౌకలా కనిపిస్తుంది.

హద్దు తేలినంత మాత్రాన జాలరుల కష్టాలన్నీ తీరుతాయని కూడా చెప్పలేము. ఉత్తరాంధ్ర మత్స్యకారులు కొందరు 2019లో బంగ్లాదేశ్ అధికారులకు పట్టుబడి కొన్ని నెలల తరువాత విడుదలయ్యారు. గాలివాటుకు కొట్టుకుపోయే పడవకు పటంలోని గీత కనబడదు. అయితే ఆ గీతపై దేశాలకు తగవు లేనప్పుడు, దారితప్పినవానిని దారితప్పినవానిగా చూడడం సులభమవుతుంది. తీర్పు తరువాత మిగిలే పని మానవత్వానిది.

'పోరు నష్టం, పొందు లాభం' అని మన పెద్దలు అన్నారు. బంగాళాఖాతంలో మూడు దేశాలు ఫిరంగులతో తేల్చుకోదగిన విషయాన్ని పటాలతో, కొలతలతో, వాదనలతో తేల్చుకొన్నాయి. ఎవరూ కోరినంత పొందలేదు. ఎవరూ ప్రాణాలు పోగొట్టుకోలేదు. గెలిచినవారు మితంగా సంతోషించడం, ఓడినవారు హుందాగా అంగీకరించడం మనుషులకు ఎంత శోభనిస్తుందో దేశాలకూ అంతే శోభనిస్తుంది. అలల మీద రాయి పాతలేము. కాని ఇచ్చిన మాట మీద నిలబడగలము. కడలికి అంతకంటె గట్టి పొలిమేర లేదు.

అర్థాలు

పొలిమేర : ఊరి సరిహద్దు
ఒడంబడిక : ఒప్పందం
మేట : ప్రవాహం తెచ్చి పోసిన ఇసుక, మట్టి దిబ్బ
నొగలు : బండికి ముందువైపు ఉండే రెండు పొడవాటి కర్రలు
ఉభయతారకం : ఇరుపక్షాలకూ మేలు చేసేది
పూచీకత్తు : హామీగా ఇచ్చే పత్రం లేదా సొమ్ము
గీటురాయి : బంగారం నాణ్యతను పరీక్షించే రాయి, ప్రమాణం

అభ్యాసం

అ) ఈ కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సముద్రన్యాయ ఒడంబడిక ప్రకారం దేశాల మధ్య వివాదాలను పరిష్కరించే మార్గాలను వివరించండి.
2. భారత్, బంగ్లాదేశ్ సముద్ర సరిహద్దు వివాదం ఏ విధంగా పరిష్కారమైందో తెలియజేయండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు అయిదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సమదూర సూత్రం వల్ల బంగ్లాదేశ్‌కు కలిగే నష్టం ఏమిటి?
2. న్యూమూర్ దిబ్బను గురించి రాయండి.
3. 'చట్టం దీపం వంటిది' అని రచయిత ఎందుకు అన్నారు?
4. సముద్ర సరిహద్దులు తేలకపోవడం వల్ల మత్స్యకారులకు కలిగే ఇబ్బందులేమిటి?

ఇ) ఈ కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి.
వివాదాస్పదం, ధర్మాసనం, పరస్పరావగాహన

ఈ) ఈ కింది సమాసాలకు విగ్రహవాక్యాలు రాసి, సమాసం పేరు తెలపండి.
సముద్రజలాలు, ఇరుదేశాలు, విజయగర్వం

ఉ) మీ ప్రాంతంలో పెద్దల మధ్యవర్తిత్వంతో పరిష్కారమైన ఒక తగవును గురించి తెలుసుకొని, ఒక పుటకు మించకుండా వ్యాసం రాయండి.